రాత్రి బిల్డుకు కాపలా

ఒక పెద్ద ప్రోగ్రామ్‌ని మొత్తంగా ఎరిగినవాళ్లు ఎవరని అడిగితే, రాసినవాళ్లే అంటారు ఎవరైనా. నేను చూసిన కాలంలో అది నిజం కాదు. రాసినవాళ్లకి తమ మాడ్యూల్ తెలుసు, అందులో తమ చెయ్యి పడిన ఫైళ్లు తెలుసు. ఆ వేల ఫైళ్లన్నీ కలిసి ఒక్క ప్రోగ్రామ్‌గా నిలబడాల్సి వచ్చినప్పుడు బరువు ఎక్కడ పడుతుందో, ఎక్కడ కూలుతుందో తెలిసింది దాన్ని రాత్రిళ్లు కూర్చుని బిల్డ్ చేసినవాళ్లకి. ప్రతి కంపెనీలోనూ అలాంటివాళ్లు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లు. వాళ్లకో గది ఉండేది. ఇప్పుడు ఆ గదులు లేవు, ఆ రాత్రి కాపలా ఉద్యోగమూ లేదు.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ రోజుల్లో పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిదిద్దే వైటుకె పని ముంచెత్తింది, 2000 దాటగానే తగ్గిపోయింది. అది తగ్గాక హైదరాబాద్‌లో చాలామందికి దొరికిన పని, బయటి దేశాల కంపెనీలు ఏళ్ల తరబడి వాడుతున్న పాత ప్రోగ్రాములని సాకడం. నేను చేరింది అలాంటి ఒకదాంట్లోనే. టెలిఫోన్ బిల్లులు లెక్కగట్టే ప్రోగ్రామ్ అది. 1980ల చివర్లో సి భాషలో మొదలైంది, 1990ల్లో దానికి సి ప్లస్ ప్లస్ తోడైంది. సోలారిస్, హెచ్‌పి-యుఎక్స్, ఎఐఎక్స్, విండోస్, ఆ తర్వాత లినక్స్, ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నిటి మీదా నడవాలి. అంటే అన్నిటి మీదా విడివిడిగా బిల్డ్ కావాలి. రాత్రి ఎనిమిదికి చెకిన్లు, అంటే కోడ్‌లో కొత్త మార్పులు చేర్చడం, ఆపేసేవాళ్లు. తెల్లారి టెస్టింగ్ వాళ్లు వచ్చేసరికి కొత్త బిల్డ్ సిద్ధంగా ఉండాలి. ఆ మధ్య సమయం మాది.

మా గదికి పెద్ద ఒకాయన ఉండేవారు. ఇసిఐఎల్ తయారుచేసిన టిడిసి-316 కంప్యూటర్ల మీద పని నేర్చుకున్న తరం మనిషి. అందరం మాస్టారూ అనేవాళ్లం. నేను కొత్తగా చేరినప్పుడు ఆయన నాకు మొదట నేర్పింది తప్పుకీ క్రాష్‌కీ తేడా. తప్పు అంటే, కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ మన కోడ్ చదివి, ఫలానా లైన్లో సెమీకోలన్ లేదు, ఫలానా పేరు నాకు తెలియదు అని చెప్పడం. అది దిద్దుకుంటే సరిపోతుంది. క్రాష్ అంటే చదువుతూ చదువుతూ కంపైలరే ప్రాణం విడవడం. మన కోడ్‌లో తప్పేమీ ఉండకపోవచ్చు. నిన్న రాత్రి ఇదే కోడ్ చక్కగా బిల్డ్ అయి ఉండొచ్చు.

అలాంటప్పుడు కంపైలర్ ఆఖరి మాట ఒకటి చెప్పి పోయేది. జిసిసి అనే కంపైలర్ అయితే 'ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్' అని, దయచేసి బగ్ రిపోర్ట్ పంపండి అని. 1998లో వచ్చిన విజువల్ సి ప్లస్ ప్లస్ 6.0 అయితే సి1001 అనే నంబర్ వేసి, ఎంఎస్‌సి1.సిపిపి అనే ఫైలు పేరు, 1786 అనే లైన్ నంబర్ చూపించేది. కొత్తవాళ్లు ఆ ఫైలు మన సోర్స్‌లో ఎక్కడుందో అని వెతికేవాళ్లు. అది మన ఫైలు కాదు, కంపైలర్‌ని రాసినవాళ్ల ఫైలు. తాను ఏ లైన్లో ఉండగా చచ్చిపోయిందో చెప్తోంది గానీ, ఆ లైను మనం చూడలేం. ఆ రోజుల్లో సి ప్లస్ ప్లస్ పని చేసినవాళ్లలో ఎంతోమందికి 1786 ఇప్పటికీ నోటికొచ్చు.

మాస్టారు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అమ్మాయ్, మళ్ళీ కొడితే అదే చోట పడిందా, వేరే చోటా?"

ఈ ప్రశ్నలోనే సగం వైద్యం ఉంది. కంపైలర్‌లో బగ్ ఉంటే అదే ఫైలు మీద, అదే చోట, ఎన్నిసార్లు నడిపినా పడుతుంది. ఒకసారి ఒక ఫైలు దగ్గర, మరోసారి ఇంకో ఫైలు దగ్గర పడుతోందంటే అనుమానించాల్సింది కంపైలర్‌ని కాదు, మెషిన్‌ని. 1990ల్లో లినక్స్ కెర్నల్‌ని సొంతంగా కంపైల్ చేసుకున్న చాలామందికి 'సిగ్నల్ 11' తెలుసు. మామూలుగా బాగానే నడిచే కంప్యూటర్లో కెర్నల్ కంపైల్ చేస్తుంటే మాత్రం జిసిసి మధ్యలో సిగ్నల్ 11 కొట్టి పడిపోయేది. కారణం చాలాసార్లు చెడిపోయిన ర్యామ్. కంపైలర్ మెమొరీ నిండా పాయింటర్లు అల్లుకుని ఉంటుంది. ఎక్కడో ఒక్క బిట్ తారుమారైతే పాయింటర్ ఊరు కాని ఊరికి దారి చూపిస్తుంది. వేరే ప్రోగ్రామ్‌లో అదే బిట్ ఒక బొమ్మలో చుక్క రంగు మార్చి ఊరుకునేది, ఎవరి కంటా పడేది కాదు.

మా లినక్స్ బాక్సు ఒక ఎండాకాలంలో అలాగే మొదలెట్టింది. రాత్రి తొమ్మిది దాటాక బిల్డింగ్‌లో ఏసీ ఆపేసేవాళ్లు. పదకొండు దాకా బాగానే సాగి, ఆ తర్వాత రోజుకో ఫైలు దగ్గర పడిపోయేది. మాస్టారు ఫ్యాన్ ముందుకు జరిపి, మెషిన్ మూత తీసి, ర్యామ్ కర్రలు రెండూ బయటికి లాగి, పెన్సిల్ రబ్బరుతో వాటి బంగారు పళ్లని మెల్లగా రుద్దారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో హార్డ్‌వేర్ కుర్రాళ్లందరూ మొదట చేసే పని అదే. సగంసార్లు అంతటితో బాగవుతుంది కూడా. ఈసారి కాలేదు. అప్పుడు ఒక్కో కర్రనే పెట్టి బిల్డ్ నడిపి చూశాం. రెండోది పెట్టినప్పుడే పడుతోంది. మర్నాడు పార్క్‌లేన్ నుంచి కొత్తది తెప్పించారు. ఆ పాత కర్రకి మాస్టారు ఒక చీటీ కట్టి బీరువాలో పెట్టారు, ఎవరూ పొరపాటున మళ్ళీ వాడకుండా.

సోలారిస్ మెషిన్ల జబ్బు వేరు. అందులో /టిఎంపి డైరెక్టరీ డిస్కు మీద కాదు, మెమొరీలోనూ స్వాప్‌లోనూ ఉంటుంది. కంపైలర్ ఒక దశ నుంచి ఇంకో దశకి అందించే తాత్కాలిక ఫైళ్లన్నీ అక్కడే రాస్తుంది. త్వరగా అవుతుందని నాలుగు కంపైల్‌లు ఒకేసారి నడిపితే ఆ ఫైళ్లు మెమొరీని తినేసి, ఆ ఫైళ్లు రాసిన కంపైలర్‌కే మెమొరీ దొరక్కుండా చేసేవి. చూడబోతే కంపైలర్ చచ్చిపోయినట్టు, వెతకబోతే డిస్కు నిండా ఖాళీ. తాత్కాలిక ఫైళ్లు వేరే డిస్కుకి మళ్లించమని ఒక్క మాట చెప్తే తీరిపోయే జబ్బు. ఆ ఒక్క మాట తెలియక ఎక్కడెక్కడ ఎన్ని రాత్రులు పోయాయో.

అదే చోట పడే క్రాష్‌ల సంగతి ఇంకా చెప్పలేదు. మా పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

మా ప్రోగ్రామ్‌లో టారిఫ్ పట్టిక అని ఒక ఫైలు ఉండేది. ఏ దేశానికి ఫోన్ చేస్తే పగలు నిమిషానికి ఎంత, రాత్రి ఎంత, ఆదివారం ఎంత. దాన్ని మనుషులు రాయలేదు, డేటాబేస్ నుంచి ఒక స్క్రిప్ట్ తయారుచేసేది. వేల వరసలున్న ఒక్క పెద్ద అర్రే. ఒక కొత్త ఖాతాదారు వచ్చి వాళ్ల దేశాలూ వాళ్ల రేట్లూ చేరిన వారం ఆ ఫైలు దగ్గర కంపైలర్ పడిపోవడం మొదలైంది. ముందు మెషిన్ నెమ్మదిస్తుంది, డిస్కు గిరగిరా తిరుగుతుంది, అరగంట తర్వాత ఇంటర్నల్ ఎర్రర్.

ఇలాంటప్పుడు చేసే పనికి ఒక పద్ధతి ఉంది. ముందు ప్రీప్రాసెసర్‌ని మాత్రం నడిపి ఆగిపోవాలి. హెడర్ ఫైళ్లన్నీ లోపలికి దిగిపోయి ఒక్కటే పెద్ద ఫైలు వస్తుంది. చిన్న సోర్స్ ఫైలు కూడా ఇలా చేస్తే లక్ష లైన్ల దాకా పెరగొచ్చు, ఎందుకంటే మన ఫైలు ఒక హెడర్‌ని పిలిస్తే అది ఇంకో నాలుగింటిని పిలుస్తుంది. ఇప్పుడు మిగతా ప్రోగ్రామ్‌తో పని లేదు. ఈ ఒక్క ఫైలు, కంపైలర్, మనం. ఇక ఇందులో సగం కొట్టేసి కంపైల్ చెయ్యాలి. ఇంకా అదే క్రాష్ వస్తోందా? అయితే పోయిన సగంతో పని లేదు. రావట్లేదా? ఆ సగం తిరిగి పెట్టి, రెండో సగం కొట్టెయ్యాలి. మిగిలినదాంట్లో మళ్ళీ సగం.

చెప్పినంత తేలిక కాదు. ఏదో ఒక క్లాస్ కొట్టేస్తే దాని మీద ఆధారపడ్డ ఇంకోటి తప్పు అవుతుంది, కంపైలర్ క్రాష్ దాకా రాకుండా ముందే మామూలు ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. అది మనకి అక్కర్లేని ఎర్రర్. మాస్టారు చెప్పే మాట: "క్రాష్‌ని చంపకు, బతికించు. దాన్ని బతికిస్తూనే చుట్టూ ఉన్నదంతా కోసెయ్." ప్రోగ్రామర్ బుద్ధికి ఇది ఎదురీత. అందరం తప్పుని పోగొట్టడానికే అలవాటుపడ్డవాళ్లం. ఇక్కడ తప్పుని జాగ్రత్తగా కాపాడుకుంటూ ప్రోగ్రామ్‌ని పోగొట్టాలి. రాత్రి రెండింటికి, మూడింటికి, లక్ష లైన్ల నుంచి వెయ్యికీ వందకీ దిగి, చివరికి తెర మీద ఒక్క పేజీలో పట్టేంత కోడ్ మిగులుతుంది. చదివితే అర్థమయ్యేంత. ఆ పేజీ చూసినప్పటి సంతోషం నేను ఇంకే పనిలోనూ ఎరగను.

టారిఫ్ పట్టికలో మిగిలింది ఇది. ప్రతి వరసలో దేశం పేరు ఒక స్ట్రింగ్ ఆబ్జెక్ట్‌గా ఉంది. స్ట్రింగ్ ఆబ్జెక్ట్ అంటే ప్రోగ్రామ్ మొదలవుతున్నప్పుడు కన్‌స్ట్రక్టర్ అనే కోడ్ నడిచి తయారవ్వాలి. కాబట్టి కంపైలర్ ఆ వేల వరసలకీ కలిపి, మనకి కనపడకుండా, మెయిన్ ఫంక్షన్ కన్నా ముందు నడిచే ఒకే ఒక్క మహా ఫంక్షన్ పుట్టిస్తోంది. పైగా మధ్యలో ఏ వరస దగ్గరైనా ఎక్సెప్షన్ వస్తే అంతవరకూ కట్టినవన్నీ కూల్చే కోడ్ కూడా అందులోనే పెట్టాలి. కోడ్‌ని వేగంగా నడిచేలా మార్చే ఆప్టిమైజర్ ఆ ఫంక్షన్‌ని మొత్తంగా ఒకేసారి చూడాలనుకుంటుంది. వరసలు రెట్టింపైతే దాని పని రెట్టింపుతో ఆగదు, ఎన్నో రెట్లవుతుంది. కొత్త ఖాతాదారు దేశాలు చేరగానే గీత దాటింది, అంతే.

ఆ రాత్రికి మందు, ఈ ఒక్క ఫైలుకి ఆప్టిమైజేషన్ తీసేసి బిల్డ్ చెయ్యమని, బిల్డ్ ఆదేశాలుండే మేక్‌ఫైల్లో ఒక లైను. అసలు మందు, స్ట్రింగ్ ఆబ్జెక్ట్ మానేసి మామూలు అక్షరాల పాయింటర్ పెట్టడం. అప్పుడు కట్టడానికి ఏమీ ఉండదు, పట్టిక నేరుగా డేటాగా ఎగ్జిక్యూటబుల్‌లో కూర్చుంటుంది. మాస్టారు అసలు మందు రాసి పంపారు. అవతలి దేశంలో ఆ స్క్రిప్ట్ చూసుకునేవాళ్లకి తీరిక దొరకలేదు. రాత్రి మందే నిలిచిపోయింది.

మేక్‌ఫైళ్లలో ఇలాంటి లైన్లు ఎన్నో ఉండేవి. ఈ ఫైలుకి ఓ2 ఆప్టిమైజేషన్ వద్దు, ఈ ఫైలుని ఒంటరిగా కంపైల్ చెయ్యి, ఈ రెండూ ఒకేసారి నడపకు. బయటివాళ్లకి అడ్డదిడ్డంగా కనిపించే ప్రతి లైను వెనకా ఎవరో మేలుకున్న ఒక రాత్రి ఉంది. వాటన్నిటికీ కారణాలు ఒక పొడుగు రిజిస్టర్‌లో రాసేవాళ్లం. తేదీ, మెషిన్, కంపైలర్ వెర్షన్, వచ్చిన సందేశం, ఏం చేస్తే పోయింది. మాస్టారి చేతిరాత నిటారుగా, ప్రతి అక్షరం విడివిడిగా ఉండేది.

ఎఐఎక్స్ మీద ఇంకో రకం. కంపైల్ అన్నీ అయిపోతాయి, ముక్కలన్నిటినీ కలిపే లింకర్ చివర్లో 'టిఓసి ఓవర్‌ఫ్లో' అని ఆగిపోతుంది, గరిష్ఠం 65536 అని అంకె చూపిస్తుంది. ఆ మెషిన్లలో ప్రోగ్రామ్ వాడే చిరునామాలన్నీ ఒక పట్టికలో ఉంటాయి. పట్టికలో ఎంత దూరాన ఉందో చెప్పడానికి ఇన్‌స్ట్రక్షన్‌లో ఉన్న చోటు 16 బిట్లు. కాబట్టి పట్టిక 64 కె దాటకూడదు. మా ప్రోగ్రామ్ పెరిగి పెరిగి అది దాటింది. నేను సందేశం చదివి వినిపిస్తే మాస్టారు తల కూడా ఎత్తకుండా, "అదే 64 కె, అమ్మాయ్. వేషం మార్చుకు వచ్చింది" అన్నారు. నిజమే. ఇంజనీరింగ్ కాలేజీలో డాస్ మీద టర్బో సి వాడిన మా తరమంతా మెమొరీ మోడళ్లని స్మాల్ మోడల్, లార్జ్ మోడల్ అని బట్టీ పట్టింది, లింకర్ 'ఫిక్సప్ ఓవర్‌ఫ్లో' అంటే బిక్కమొహం వేసింది ఈ 16 బిట్ల వల్లే. ఆప్షన్ ఒకటి పెడితే లింక్ అవుతుంది, ప్రోగ్రామ్ కాస్త నెమ్మదిస్తుంది. నెమ్మదించకుండా ఉండాలంటే అక్కర్లేని గ్లోబల్ వేరియబుళ్లు ఏరి తీసెయ్యాలి. ఒక నెలంతా అదే చేశాం. ఎవరూ వాడని గ్లోబల్స్ ఎన్నున్నాయో చూసి రాసినవాళ్లే ఆశ్చర్యపోయారు.

విండోస్‌లో గోడ ఇంకోచోట. 32 బిట్ల విండోస్‌లో ఏ ప్రోగ్రామ్‌కైనా దక్కే అడ్రస్ స్పేస్ 2 జీబీ. బూట్ సెట్టింగ్ మారిస్తే 3. లింకర్ కూడా ఒక ప్రోగ్రామే కాబట్టి దానికీ అంతే. ఇది పాత ప్రోగ్రాముల బాధే అనుకోనక్కర్లేదు. 2011 చివర్లో ఫైర్‌ఫాక్స్‌కే ఇది ఎదురైంది. పూర్తి ఆప్టిమైజేషన్‌తో లింక్ చెయ్యబోతే లింకర్‌కి 3 జీబీ కూడా చాల్లేదు. బిల్డ్ మెషిన్లని 64 బిట్ల విండోస్‌కి మార్చి, 32 బిట్ల లింకర్‌కి 4 జీబీ దక్కేలా చేసుకోవాల్సి వచ్చింది.

లైబ్రరీల వరస గురించి చెప్పకపోతే ప్రోగ్రామ్‌ని మొత్తంగా ఎరిగింది బిల్డ్ చేసినవాళ్లేనని నేను మొదట అన్న మాటకి ఆధారం చూపనట్టే. కంపైలర్ చేసిచ్చిన ప్రతి ఆబ్జెక్ట్ ఫైల్లోనూ నాకు ఫలానా ఫంక్షన్ కావాలి అనే అడుగులుంటాయి, నా దగ్గర ఫలానాది ఉంది అనే హామీలుంటాయి. వాటిని కలిపే లింకర్ పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. చాలా యూనిక్స్‌లలో ఈ పేరయ్య ఒక వీధిలోకి, అంటే ఒక లైబ్రరీలోకి, ఒక్కసారే వెళ్తాడు. వీధి దాటాక ఆ వీధి సంబంధమే కావాలని ఎవరైనా అడిగినా వెనక్కి రాడు. కాబట్టి లైబ్రరీలని ఏ వరసలో ఇచ్చామన్నదే ముఖ్యం. ఆ వరస తేల్చడానికే పాత యూనిక్స్‌లో ఎల్‌ఆర్డర్, టిసార్ట్ అనే రెండు కమాండ్లని కలిపి వాడేవాళ్లు. మా లింక్ లైన్లో రేటింగ్ లైబ్రరీ, ప్రింట్ లైబ్రరీ, మళ్ళీ రేటింగ్ లైబ్రరీ వచ్చేవి. అంటే రేటు కట్టే కోడ్ ప్రింటింగ్‌ని పిలుస్తోంది, ప్రింటింగ్ తిరిగి రేటు కోడ్‌ని పిలుస్తోంది. డిజైన్ డాక్యుమెంట్‌లో ప్రింటింగ్ అన్నిటికన్నా చివరిదని గీసి ఉండేది. రేటింగ్ రాసినవాళ్లని అడిగితే మాకు ప్రింటింగ్‌తో సంబంధమే లేదనేవాళ్లు. ఉంది. ఎక్కడో ఒక చిల్లర రౌండింగ్ ఫంక్షన్ కోసం ప్రింట్ లైబ్రరీ మీద ఆధారపడ్డారు. ఆ సంగతి లింకర్‌కి తెలుసు, మాస్టారికి తెలుసు. కొన్నేళ్లకి ఆ ప్రోగ్రామ్‌ని ముక్కలు చెయ్యాలని ఒక ఆర్కిటెక్ట్ విదేశం నుంచి వచ్చినప్పుడు, ఆయనకి దొరికిన నమ్మకమైన నక్షా మాస్టారు లింక్ లైను చూసి తెల్లకాగితం మీద గీసిచ్చినదే.

ఇంటి దగ్గరున్నా బిల్డు వదిలేది కాదు. ఇంట్లో ల్యాండ్‌లైన్‌కి మోడెమ్ తగిలించి, డయల్ చేసి ఆఫీసుకి కలిసి, లాగ్ ఫైలు చివర ఒక్కో లైనూ పడుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. మా ఫోన్ ఎప్పుడూ ఎంగేజేనని చుట్టాలు అమ్మతో అనేవాళ్లు. లైను పడటం ఆగిపోతే గుండె జారేది. తెగింది కనెక్షనా, బిల్డా? చాలాసార్లు కనెక్షనే.

ఇదంతా ఒక్కరోజులో పోలేదు. 64 బిట్లు వచ్చి గోడలని దూరం జరిపాయి, ర్యామ్ చవకైంది. సోలారిస్, హెచ్‌పి-యుఎక్స్ మెషిన్లు ఒక్కొక్కటే ఆపేశారు. 2008లో గోల్డ్ అనే కొత్త లింకర్ బయటికొచ్చింది, ఆ తర్వాత ఎల్‌ఎల్‌డి, మోల్డ్. నిమిషాలు పట్టిన లింక్ సెకన్లకి దిగింది. చేత్తో సగాలు కోసే పనిని ప్రోగ్రామే చెయ్యొచ్చని ఆండ్రియాస్ జెల్లర్ అనే పరిశోధకుడు 1999లోనే చూపించారు. 2012లో యూటా విశ్వవిద్యాలయం నుంచి జాన్ రెగర్ బృందం సి-రెడ్యూస్ అనే పనిముట్టు ఇచ్చింది. క్రాష్‌ని బతికిస్తూ చుట్టూ కోసే పనిని అది మనిషి కన్నా ఓపిగ్గా చేస్తుంది. నేను వాడతాను, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఇప్పుడు బిల్డ్ ఎక్కడో డేటా సెంటర్‌లో జరుగుతుంది. పడిపోతే ఇంకో మెషిన్ మీద దానంతటదే మళ్ళీ మొదలవుతుంది. అదే చోట పడిందా, వేరే చోటా అని అడిగేవాళ్లు ఉండరు. రెండోసారి పాసైతే మొదటిసారి ఎందుకు పడిందో ఎవరికీ అక్కర్లేదు. ఇది నాకు బాధగానే ఉంటుంది.

మా ప్రోగ్రామ్ ఇంకా బతికే ఉంది, లినక్స్ మీద మాత్రమే. రెండు మూడుసార్లు ఆఫీసు మారినప్పుడు రిజిస్టర్ ఎక్కడో పోయింది. ఈమధ్య బిల్డ్‌ని కొత్త పద్ధతికి మార్చేటప్పుడు మా టీమ్ కుర్రాడొకడు ఆ వింత లైన్లన్నీ ఏరి జాబితా చేసి నా దగ్గరికి తెచ్చాడు. "మేడమ్, ఇవన్నీ తీసేద్దామా?" కూర్చుని ఒక్కోదానికీ నాకు గుర్తున్న కారణం చెప్పాను. కొన్నిటికి నాకూ తెలియదు, అవి మాస్టారి కాలానివి. తెలిసినవాటిని తీసి చూశాం. టారిఫ్ పట్టికకి ఆప్టిమైజేషన్ పెడితే కొత్త కంపైలర్ పడిపోలేదు గానీ ఆ ఒక్క ఫైలుకే మిగతా బిల్డంత సేపు తీసుకుంది. కుర్రాడు ఎందుకని అడిగాడు. ప్రీప్రాసెస్ చేసి ఫైలు తెరిచాం, సగం కోశాం. సాయంత్రానికి స్ట్రింగ్ ఆబ్జెక్టుల దగ్గరికి వాడే చేరాడు. స్క్రిప్ట్ ఇప్పుడు మా చేతిలోనే ఉంది కాబట్టి మాస్టారు అప్పట్లో రాసి పంపిన మార్పు ఆ వారమే చేశాడు. మేక్‌ఫైల్లో ఆ లైను పోయింది. తెలియని లైన్లకి ఒక్కోదానికీ ఒక రోజు పెట్టుకుని తీసి చూస్తున్నాం, తేలిన కారణం పక్కనే కామెంట్‌లో రాస్తున్నాం.